బాల్కనీలో సెంటు గులాబీ: వాసన ఎరువుతో రాదు

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ: హైదరాబాద్‌లో మూడో అంతస్తు, తూర్పు ముఖం బాల్కనీ, నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు. జనవరిలో నర్సరీ నుంచి అయిదు గులాబీలు తెచ్చారు. అప్పుడు అరచేతంత పూలు, ఏప్రిల్ వచ్చేసరికి రూపాయి బిళ్లంత. రెండు మొక్కలకు కొమ్మలు పైనుంచి నల్లబడి ఎండుతున్నాయి. వాసన ఒక్కదానికీ లేదు. వాసనకు ఏ ఎరువు వేయాలి, మొక్క సాగకుండా పొట్టిగా గుబురుగా ఉండాలంటే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు. అమెరికాలో, డల్లాస్‌లో ఉన్న మీ అక్కగారి పేషియోకి (ఇంటి వెనక గచ్చు చేసిన జాగాకి) ఏది బాగుంటుందో కూడా అడిగారు.

ముందు వాసన సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. వాసన పుట్టించే ఎరువంటూ లేదు. అది మొక్కతోపాటు కొనుక్కోవాల్సిన గుణం. ఫ్రాన్సులో శాస్త్రవేత్తలు ఘాటైన వాసన ఉన్న పాపా మెయిలాండ్ అనే గులాబీ రకాన్నీ, వాసన దాదాపు లేని రూజ్ మెయిలాండ్ రకాన్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. పూరేకుల్లో ఎన్‌యూడీఎక్స్1 అనే జన్యువు ఒకదానిలో బాగా పనిచేస్తోందని, రెండోదానిలో దాదాపు మూగబోయిందని తేలింది. 2015లో అది ప్రచురించారు. గులాబీ వాసనలో ముఖ్యమైన జెరానియాల్ అనే పదార్థం తయారీకి ఈ జన్యువే తాళంచెవి. అది మూగబోయిన మొక్కకు మీరు వేపపిండి వేసినా, అరటితొక్కల నీళ్లు పోసినా ఆకులు నిగనిగలాడతాయి, అంతే. పూలకొట్లో పొడవాటి కాడతో అమ్మే గులాబీలకు వాసన లేకపోవడానికీ కారణం ఇలాంటిదే. వాటిని ఎన్నుకున్నది ప్రయాణం తట్టుకోవడానికి, వారం రోజులు వాడిపోకుండా ఉండడానికి. ఆ ఎంపికలో పరిమళం వెనకబడిపోయింది.

అయితే వాసన ఉన్న మొక్క కూడా వాసన ఇవ్వని సందర్భాలున్నాయి. ఎండ 38 డిగ్రీలు దాటాక మొగ్గ ఒక్క పూటలో విచ్చుకుంటుంది, రేకులు తగ్గుతాయి, పరిమళం పొద్దున తొమ్మిదికల్లా ఆవిరైపోతుంది. అందుకని ఏప్రిల్ పువ్వును చూసి మొక్కకు తీర్పు చెప్పకండి. మీ అయిదింటినీ డిసెంబరు దాకా ఉంచి, అప్పుడు పొద్దున ఏడూ ఎనిమిది మధ్య పరీక్షించండి. సగం విచ్చిన పువ్వును రెండు అరచేతుల డొప్పలో పట్టుకుని, దాని మీద రెండు మూడుసార్లు వెచ్చగా ఊపిరి వదిలి, ఆ తర్వాత వాసన చూడండి. అప్పటికీ ఏమీ తెలియకపోతే ఆ రకానికి వాసన లేనట్టే. నర్సరీలో కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, పూర్తిగా విచ్చి వడలిన పువ్వును వాసన చూసి ఎంపిక చేయడం దండగ.

పేర్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఏ రకమని అడిగితే చాలాచోట్ల ‘హైబ్రిడ్ సార్’ అనేది జవాబు. అందుకని పేరు కన్నా ముక్కును నమ్ముకోవాలి. పేరున్న మొక్కలు దొరికే చోటయితే ఏంజెల్ ఫేస్ అడగండి. 1968 నాటి ఫ్లోరిబండా (గుత్తులుగా పూసే గులాబీ తరగతి), లేత ఊదా రంగు, కెరటాల్లాంటి రేకుల అంచులు, నిమ్మ కలిసిన ఘాటు, రెండున్నర మూడడుగులు దాటదు. పసుపు కావాలంటే సన్‌స్ప్రైట్, ఇదీ ఫ్లోరిబండాయే, అదే ఎత్తు. కొన్నిచోట్ల దీన్నే కొరేసియా అంటారు. ఈ రెండూ అమెరికన్ రోజ్ సొసైటీ వాళ్లు పరిమళానికి ఇచ్చే గ్యాంబుల్ పతకం అందుకున్నవి. డబుల్ డిలైట్ కూడా ఆ కోవదే. మీగడ రంగు పువ్వుకు ఎర్రంచు, మిరియపు ఘాటు వాసన. హైబ్రిడ్ టీ (పొడవాటి కాడకు ఒక్కో పెద్ద పువ్వు పూసే తరగతి) కనుక నేలలో నాలుగడుగులు లేస్తుంది గానీ కుండీలో కత్తిరిస్తూ ఉంటే మూడు దగ్గర ఆగుతుంది. నల్లమచ్చ, బూడిద తెగుళ్లు రెండూ దానికి చుట్టాలే. మొదటిసారి పెంచేవాళ్లు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది.

పన్నీరు గులాబీ పేరు వినగానే మనసు లాగుతుంది. ఆ పేరుతో అమ్మేవి ఒకటి కాదు. అత్తరుకు వాడే అసలైన డమాస్క్ గులాబీ ఉత్తరప్రదేశ్‌లో హసాయన్ ప్రాంతంలో పొలాలకు పొలాలు వేస్తారు. అది ఏడాదిలో వసంతకాలాన ఒకే విడత పూస్తుంది, మనిషెత్తు ముళ్ల పొద అవుతుంది. బాల్కనీకి అది పనికిరాదు. మన దగ్గర అదే పేరుతో దొరికే ఎడ్వర్డ్ గులాబీ మళ్లీమళ్లీ పూస్తుంది, ఎండను ఓర్చుకుంటుంది. గులాబీ రంగు, చిన్న ముద్ద పువ్వు, నిజమైన పన్నీరు వాసన. పెద్ద కుండీ ఇచ్చి, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తూ ఉంటే నాలుగడుగుల్లో ఉంచొచ్చు. మీ బాల్కనీలో ఒకటి పెట్టొచ్చు, రెండు వద్దు. పొట్టిగా ఉన్నాయి కదా అని బటన్ రోజాలు కొంటే, చాలావాటికి వాసన ఉండదు. అవి చూపుకే.

ఇక ఎండుతున్న ఆ రెండు మొక్కలు. కడియం, కడియపులంక వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కలకు వేళ్ల చుట్టూ సాధారణంగా బంకమట్టి ముద్ద ఉంటుంది. దూరప్రయాణంలో వేళ్లు కదలకుండా అదే కాపాడుతుంది. ఇంటికి తెచ్చి ఆ ముద్దను అలాగే గుల్లగా ఉండే కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) మిశ్రమంలో దించితే గొడవ మొదలవుతుంది. నీళ్లు పోస్తే చుట్టూ ఉన్న గుల్లమట్టిలోంచి జారిపోతాయి, మధ్యలో ముద్ద రాయిలా ఎండుతుంది. లేదా రోజూ పోసి పోసి ఒకసారి ఆ ముద్ద తడిసిందంటే వారం దాకా ఆరదు, వేళ్లకు గాలి ఆడదు. రెంటి ఫలితమూ పైన ఒకేలా కనిపిస్తుంది: చిగురు వాలడం, కొమ్మ కొస నల్లబడడం. వేళ్లతో మట్టిని తడిమి చూసి ‘తడిగానే ఉందే’ అనుకుంటాం, తడి ఉన్నది మన మట్టిలో. ఒక వెదురు పుల్లను ఆ ముద్దలోకే గుచ్చి, పది నిమిషాలాగి తీసి చూడండి.

రెండో అనుమానం అంటు మీద. మట్టికి కాస్త పైన కాండం మీద బుడిపె ఉంటుంది, అదే కన్ను (చిగురు మొలిచే మొటిమ) తెచ్చి అంటు కట్టిన చోటు. అక్కడ పల్చటి ప్లాస్టిక్ పట్టీ చుట్టి ఉందేమో గోరుతో గీకి చూడండి. బురదలో కలిసిపోయి ఉంటుంది కనుక చాలామంది కంట పడదు. కాండం లావెక్కే కొద్దీ ఆ పట్టీ లోపలికి కోసుకుపోతుంది. పట్టీ పైభాగం ఉబ్బి, కింద నొక్కుకుపోయి, మెడకు దారం బిగించినట్టు ఉంటే కారణం దొరికినట్టే. బ్లేడుతో నిలువుగా ఒక గాటు పెట్టి, బెరడుకు తగలకుండా ఒలిచేయండి.

ఎండిన కొమ్మను ఎండిన చోటే కత్తిరిస్తే లాభం లేదు. బూజు లోపల మెత్తటి భాగంలో కిందికి దిగి ఉంటుంది. నలుపు ఆగిన చోటు నుంచి రెండంగుళాలు కిందకి వెళ్లి కోసి, కోసిన ముఖాన్ని చూడండి. నడిమి గుజ్జు తెల్లగానో లేత ఆకుపచ్చగానో ఉండాలి. మధ్యలో టీ రంగు చుక్క ఉన్నా ఇంకో అంగుళం దిగాలి. కత్తెరను ఒక్కో కోతకూ స్పిరిట్ దూదితో తుడవండి, లేకపోతే ఎండు తెగులును మీరే మిగిలిన మూడింటికీ అంటిస్తారు. కోతల మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని నాలుగు చుక్కల నీళ్లతో ముద్దలా చేసి పూయండి. పసుపు పూసినా చాలంటారు గానీ ఎండు తెగులు ఇప్పటికే ఉన్న మొక్కకు రాగి మందే నయం.

ఏప్రిల్‌లో చేయకూడని పని కుండీ మార్చడం. వేళ్లు కదిలితే ఈ ఎండకు తట్టుకోలేవు. జూన్‌లో రెండు మంచి వానలు పడేదాకా మొక్కను బతికించుకోవడమే పని. ఉన్న మొగ్గలన్నీ గిల్లేయండి. నర్సరీలో వారం వారం మందులు, ఎరువులు పడిన బలంతో విచ్చుకున్నవే జనవరిలో మీరు చూసిన పూలు. ఇప్పుడు మొక్క దగ్గర ఆ నిల్వ లేదు, వేళ్లు కొత్త చోట కుదురుకోలేదు. ఈ స్థితిలో పూసే ప్రతి రూపాయి బిళ్ల పువ్వూ మొక్క మీద అప్పు. తూర్పు ఎండ పదకొండు దాకా తగలనిచ్చి, ఆ తర్వాత 50 శాతం గ్రీన్ నెట్ నీడ ఇవ్వండి. కుండీలను నేల మీద కాకుండా నాలుగంగుళాల ఎత్తు స్టాండు మీద పెట్టండి. నల్ల ప్లాస్టిక్ కుండీ అయితే దాన్ని ఇంకాస్త పెద్ద కుండీలో దించి, మధ్య సందులో ఎండాకులో కొబ్బరిపీచో కూరితే వేళ్లకు చల్లదనం దొరుకుతుంది. పైమట్టి మీద రెండంగుళాల ఎండాకుల కప్పు వేయండి. అది కాండానికి మాత్రం ఆనకూడదు.

నీళ్లు ఎంత అంటే, పన్నెండంగుళాల కుండీకి ఈ రోజుల్లో పొద్దున ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, చలికాలంలో రోజు విడిచి రోజు ఒక లీటరు. ఏ కాలంలోనైనా అడుగు రంధ్రాల్లోంచి కొంచెం బయటికి కారేదాకా పోయాలి. రోజూ గ్లాసుడు చొప్పున పైపైన పోస్తే మన బోరునీళ్లలోని ఉప్పులు అడుగుకు కొట్టుకుపోకుండా మట్టిలోనే పేరుకుంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే. నెలకోసారి కుండీ పట్టినంత నీటికి రెట్టింపు నీళ్లు నెమ్మదిగా పోసి కడగండి. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు పారబోయడానికి మనసొప్పక మొక్కలకు పోస్తుంటారు. గులాబీకి వద్దు, అందులో ఉప్పులు మామూలు బోరునీటి కన్నా చిక్కగా ఉంటాయి.

లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా వలలా కనిపిస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా కఠిన నీటి వల్ల క్షారం పెరిగి వేళ్లకు అందదు. గులాబీకి మట్టి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 6 నుంచి 6.5 ఉంటే హాయి. ఈడీడీహెచ్ఏ రకం ఇనుము చిలేట్‌ను (క్షారమట్టిలోనూ వేళ్లకు అందే ఇనుము మందు) లీటరుకు ఒక గ్రాము కలిపి, కుండీకి అర లీటరు పోయండి. కొత్త చిగుళ్లు రెండు మూడు వారాల్లో పచ్చబడతాయి, పాత పసుపు ఆకులు మారవు. ఇక్కడే ఒక మాట: గుడ్డు పెంకులు గులాబీకి అమృతమని అందరూ వేస్తారు. పెంకు అంటే సున్నమే. మన నీళ్లలో సున్నం ఇప్పటికే ఎక్కువైన చోట అది ఏ మేలూ చేయదు.

జూన్ చివరన కుండీ మార్చేటప్పుడు ఫ్లోరిబండాకు పన్నెండంగుళాలు, హైబ్రిడ్ టీకి, పన్నీరు గులాబీకి పద్నాలుగు నుంచి పదహారు అంగుళాలు. లోతు కూడా అంతే ఉండాలి. పదిహేను లీటర్ల కుండీకి ఆరు లీటర్ల ఎర్రమట్టి, నాలుగు లీటర్ల బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, మూడు లీటర్లు కడిగిన కోకోపీట్, రెండు లీటర్ల ముతక ఇసుక. దానికి వంద గ్రాముల వేపపిండి, యాభై గ్రాముల ఎముకల పొడి. కోకోపీట్‌ను బకెట్లో నానబెట్టి రెండుసార్లు నీళ్లు పిండి పారబోయాలి, దానిలోనూ ఉప్పుంటుంది. అడుగున గులకరాళ్ల పొర వేయకండి. నీరు బాగా దిగుతుందనుకుంటాం గానీ, మట్టి ఆగిన చోటే నీరు నిలుస్తుంది కనుక ఆ తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక కుండపెంకు ముక్క చాలు. తడి కుండీ ఒక్కోటి ఇరవై కిలోల పైన తూగుతుంది, రెయిలింగుకు వేలాడదీసే ఆలోచన ఉంటే మానుకోండి.

బంకమట్టి ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, బయటి అంగుళం మందం మట్టిని వేళ్లతో మెల్లగా కరిగించండి. మధ్య భాగాన్ని వదిలేయండి. అక్కడి సన్నటి వేళ్లు తెగితే మళ్లీ పదిహేను రోజులు వెనక్కి. అంటు బుడిపె మట్టికి రెండు వేళ్ల పైన ఉండాలి. చలిదేశాల వీడియోలు చూసి దాన్ని మట్టిలో పూడ్చేవాళ్లున్నారు. అక్కడ మంచు నుంచి కాపాడడానికి చేసే పని అది, ఇక్కడ కుళ్లడానికి దారి. బుడిపె కింది నుంచి, లేదా మట్టిలోంచి నిటారుగా లేచే కొమ్మ అంటుకు అడుగున వాడిన అడవి మొక్కది. దాన్ని కత్తిరించకండి, మొదలంటా పట్టుకుని పీకేయండి. ‘ఏడు ఆకులుంటే అడవి కొమ్మ’ అనే లెక్కను నమ్మొద్దు. మంచి రకాలకూ ఏడేసి వస్తాయి. ఎక్కడ నుంచి పుట్టిందో చూడడమే సరైన గుర్తు.

గుబురుగా ఉంచడం ప్రధానంగా ఎండ, కత్తెరల పని. అయిదారు గంటల ఎండ లేకపోతే ఎంత పొట్టి రకమైనా వెలుగు కోసం సాగుతుంది. మీ తూర్పు బాల్కనీలో రెయిలింగు నీడ కుండీ మీద పడుతుంటే స్టాండు ఎత్తు పెంచండి. నత్రజని మోతాదు మించితే కూడా సాగుతుంది. ముదురు పచ్చ పెద్ద ఆకులు, పొడవాటి కొమ్మలు, పూలు శూన్యం అయితే నత్రజని ఎరువు ఎక్కువ పడిందని అర్థం. కుదురుకున్న మొక్కకు పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్, మధ్యలో వారానికోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు రెండు గ్రాములు తడి మట్టిలో పోస్తే సరిపోతుంది. మొగ్గ కనిపించాక 0:0:50 (పొటాష్ మాత్రమే ఉండే ఎరువు) అదే మోతాదులో రెండుసార్లు. వేరుశనగ చెక్క పులియబెట్టి పోస్తే మంచి బలమే, కానీ ఆ కంపు మూడు రోజులు పోదు, పక్క ఫ్లాటు వాళ్లతో మాటలు మీరే పడాలి. మే నెలంతా ఏ ఎరువూ వద్దు.

పెద్ద కత్తిరింపు అక్టోబరు రెండో సగంలో. వానలు వెనక్కి తగ్గి రాత్రులు చల్లబడుతుండగా చేయాలి. బలమైన నాలుగైదు కొమ్మలు ఉంచి, పెన్సిలు కన్నా సన్నవి, మధ్యలో ఒకదానికొకటి రాసుకునేవి తీసేసి, మిగిలినవాటిని సగానికి కొట్టండి. ఫ్లోరిబండా అయితే మూడో వంతు చాలు. కోత బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన ఉండాలి. లోపలి కన్ను దగ్గర కోస్తే కొత్త కొమ్మ గుబురు మధ్యలోకి దూరి గాలి ఆడదు. కోసిన 45 నుంచి 55 రోజుల్లో పూస్తుంది కనుక డిసెంబరులో మీ బాల్కనీలో అసలైన పరీక్ష జరుగుతుంది. మిగతా ఏడాది వాడిన పువ్వును తీసేటప్పుడు పువ్వు కింది అయిదాకుల రెమ్మ దాకా వచ్చి, బయటి కన్ను పైన కోయండి. బలహీనమైన మొక్కకు మాత్రం పువ్వు తల ఒక్కటే తుంచి ఆకుల్ని వదిలేయండి.

పురుగుల్లో మిమ్మల్ని ఎక్కువ ఏడిపించేవి తామర పురుగులు. మొగ్గ విచ్చుకోకుండా బిగుసుకుని, రేకుల అంచులు గోధుమరంగుకు మారతాయి. వాసన రకాల్ని అవి వెతుక్కుంటూ వస్తాయనిపిస్తుంది. ఒక మొగ్గను తెల్లకాగితం మీద దులిపితే గీతల్లా పాకుతూ కనిపిస్తాయి. పాడైన మొగ్గలు కోసి కవర్లో కట్టి పారేయడమే సగం వైద్యం. తర్వాత స్పైనోసాడ్ 45 శాతం మందు లీటరుకు 0.3 మిల్లీలీటర్లు, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు. ఆకు అడుగున సన్న సాలెగూడు, పైన దుమ్ము చల్లినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి. దానికి వేసవిలో మూడు రోజులకోసారి ఆకు అడుగుకు పొద్దున్నే నీటి జల్లు గట్టిగా కొట్టండి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బుతో, సూర్యుడు దిగాకే. గంధకం మందుకీ నూనెకీ మధ్య రెండు వారాల ఎడం లేకపోతే ఆకు మాడుతుంది. నల్లమచ్చ వానాకాలంలో వస్తుంది. ఆకు ఏడు గంటలకు పైగా తడిగా ఉంటేనే ఆ బూజు లోపలికి దిగుతుంది కాబట్టి సాయంత్రం పైనుంచి నీళ్లు చల్లడం మానండి, కుండీల మధ్య జానెడు ఎడం ఉంచండి. రేకులతో గుల్కంద్ చేసే ఉద్దేశముంటే ఆ మొక్కకు ఈ మందులేవీ కొట్టకండి.

అయిదు కుండీలనూ వరసగా రెయిలింగు పక్కన పెట్టకండి. మూడో అంతస్తు గాలికి వాసనంతా రోడ్డు పాలు. డిసెంబరులో వాసన ఉందని తేలిన ఒకటి రెండింటిని గాలి తగలని మూలలో, కూర్చుంటే ముక్కు ఎత్తుకు వచ్చేలా, తలుపు పక్కన పెట్టండి.

డల్లాస్‌లో ఉన్న మీ అక్కగారికి మేరీ డాలీ చెప్పండి. మేరీ పావీ అనే 1888 నాటి ఫ్రెంచి పాలియాంథా (చిన్న పూలు గుత్తులుగా పూసే పొట్టి గులాబీ తరగతి) నుంచి వచ్చిన లేత గులాబీ రంగు మార్పు అది. మూడడుగుల గుబురు, ముళ్లు దాదాపు లేవు, మంచి వాసన. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు మందులు పెద్దగా కొట్టకుండానే పెరిగే గులాబీలకు ఇచ్చే ఎర్త్‌కైండ్ గుర్తింపు దీనికుంది. పాత్ర పదిహేను అంగుళాలకు తగ్గకూడదు. కత్తిరింపు మాత్రం మనలా అక్టోబరులో కాదు, అక్కడ ఫిబ్రవరి మధ్యలో.